బీహార్ వాళ్ళంతా మాట్లాడేది భోజ్‌పురీయేనా? అది హిందీలో ఒక యాసేనా?

మీ ప్రశ్న ఇదీ: పెద్దపల్లి దగ్గర మీ రైస్ మిల్లులో హమాలీలు దాదాపు అందరూ బీహార్ నుంచి వచ్చినవాళ్ళే. మీ గుమాస్తాకి హిందీ బాగానే వచ్చు, అయినా వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే సగం కూడా అందడం లేదు. అది భోజ్‌పురీయేనా, భోజ్‌పురీ అంటే హిందీ యాసే కదా, నాలుగు మాటలు నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

బ్యాంకు ఉద్యోగం మీద నేను బీహార్‌లో చాలా ఏళ్ళు ఉన్నాను. మొదట సివాన్ (భోజ్‌పురీ), తర్వాత గయ (మగహీ), ఆఖర్న దర్భంగా (మైథిలీ). ఈ మూడు ఊళ్ళవీ మూడు వేర్వేరు భాషలు. ఆ అనుభవంతో కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. భోజ్‌పురీ హిందీ యాస కాదు, వేరే భాష. ఇక మీ మిల్లులో వినబడేది భోజ్‌పురీ కాకపోవచ్చు కూడా. తెలంగాణ మిల్లులకు వచ్చే హమాలీల్లో ఖగారియా వైపు వాళ్ళు చాలామంది ఉంటారు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో వలస కూలీలంతా సొంతూళ్ళకు బయల్దేరిన రోజుల్లోనే, ఖగారియా నుంచి హైదరాబాద్ దగ్గరి లింగంపల్లికి ఒక రైలు వచ్చింది. అందులో రెండు వందల మందికి పైగా మిల్లు కార్మికులు తిరిగి పనికి వచ్చారు. ఖగారియా భోజ్‌పురీ ప్రాంతం కాదు. అక్కడ మాట్లాడేది అంగికా. మైథిలీకి చాలా దగ్గరి భాష అది.

తేడా ఎంతుంటుందో బ్యాంకు కౌంటర్ దగ్గర రోజూ వినబడే ఒక్క ప్రశ్నతో చూపిస్తాను. సివాన్ జిల్లాలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారని చెప్పుకుంటారు. నెల మొదట్లో ఆడవాళ్ళు పాస్‌బుక్ చెంగున కట్టుకుని వచ్చి కౌంటర్ కిటికీలోంచి అడిగేవాళ్ళు: "పఇసా ఆఇల్ బా?" డబ్బు వచ్చిందా అని. గయలో అదే ప్రశ్న "పఇసా అఇలఇ?" అయ్యేది. దర్భంగాలో "పాఇ ఆయల్ ఛై?" హిందీలో అయితే "పైసా ఆయా హై?" అంటారు. మొదటి మూడింటిలోనూ 'వచ్చింది' అనే చోట 'ల' కారం ఉంది చూడండి. హిందీలో అది లేదు. చివర్లో ఉన్న 'బా', 'ఛై' అనే క్రియలూ హిందీలో ఉండవు.

ఆ 'ల' ఎక్కడిదో తెలియాలంటే హిందీని వదిలి తూర్పు వైపు చూడాలి. 'వెళ్ళాడు' అనడానికి భోజ్‌పురీలో 'గఇల్', మైథిలీలో 'గేల్', బెంగాలీలో 'గెలో', ఒడియాలో 'గలా'. హిందీలో 'గయా'. 'చేస్తాను' అనాలంటే భోజ్‌పురీలో 'కరబ్', బెంగాలీలో 'కొర్బో', హిందీలో 'కరూంగా'. మైథిలీలో 'ఉంది' అంటే 'అఛి', బెంగాలీలో 'ఆఛే'. భోజ్‌పురీ, మగహీ, మైథిలీ, బెంగాలీ, ఒడియా, అస్సామీ ఇవన్నీ మాగధీ ప్రాకృతం వైపు నుంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. వాళ్ళలో ఒకరైన సునీతి కుమార్ ఛటర్జీ వీటిని మూడుగా విడదీశారు: పడమటి కొసన భోజ్‌పురీ, మధ్యలో మగహీ, మైథిలీ, తూర్పున బెంగాలీ, ఒడియా, అస్సామీ. ఢిల్లీ, మీరట్ చుట్టుపక్కల మాట నుంచి ఎదిగిన ఖడీబోలీ హిందీ వీటికి దూరపు చుట్టం. భోజ్‌పురీ వాళ్ళు హిందీ బళ్ళలో చదువుకుంటారు, హిందీ పత్రికలు చదువుతారు. అందువల్ల ఆ దూరం బయటివాళ్ళకు కనిపించదు.

మీ గుమాస్తా కూడా వాళ్ళ హిందీని తప్పుల తడక అనుకుంటున్నాడేమో, మన వైపు చాలామంది అలాగే అనుకుంటారు. ఇది నన్ను బాగా బాధించే విషయం కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. బీహార్ వాళ్ళు హిందీ మాట్లాడేటప్పుడు 'మైఁ' బదులు 'హమ్' అంటారు. "మైఁనే ఖానా ఖాయా" అనాల్సిన చోట "హమ్ ఖానా ఖాయే" అంటారు. 'నే' ఉండదు. ఏది స్త్రీలింగం, ఏది పుంలింగం అన్నది తారుమారవుతుంది. పెరుగు హిందీ వ్యాకరణంలో పుంలింగం, బీహార్‌లో "దహీ ఖట్టీ హై" అనేస్తారు. దీని మీద ఉత్తరాదిలో బోలెడు జోకులున్నాయి. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ జోకులకు భయపడి నోరు తెరవని కుర్రాళ్ళను నేను చూశాను.

కారణం చాలా మామూలుది. వాళ్ళ భాషల్లో ఆ 'నే' లేదు. పుస్తకానికి, రైలుకి, పెరుగుకి ఆడ మగ అన్న పట్టింపు దాదాపు లేదు. "గాడీ ఆఇల్", "పఇసా ఆఇల్", రెండింటికీ క్రియ ఒకటే. మనుషుల విషయంలో మాత్రం భోజ్‌పురీ ఆడ మగ తేడా చూపిస్తుంది. బెంగాలీ వాళ్ళు హిందీ మాట్లాడినా సరిగ్గా ఇవే పొరపాట్లు చేస్తారు. కానీ వాళ్ళకో వేరే భాష ఉందని అందరికీ తెలుసు కాబట్టి పాపం అలవాటు లేదులే అంటారు. బీహార్ వాళ్ళకు ఆ వెసులుబాటు ఇవ్వరు, వాళ్ళ మాతృభాష హిందీయే అనుకుంటారు కాబట్టి. మనం హిందీ నేర్చుకునేటప్పుడు కుర్చీ స్త్రీలింగమా, టేబుల్ పుంలింగమా అని ఎంత టెన్షన్ పడ్డామో, సివాన్ పల్లెటూరి పిల్లాడూ బళ్ళో అంతే టెన్షన్ పడతాడు. ఆ మాటకొస్తే హైదరాబాద్ దక్కనీలోనూ ఈ 'నే' చాలాసార్లు ఎగిరిపోతుంది.

మర్యాద విషయంలో ఈ భాషలు తెలుగువాళ్ళకు బాగా నచ్చుతాయి. భోజ్‌పురీలో 'తేఁ' అంటే మరీ చనువు, లేదా తిట్టు. 'తూ' మధ్యస్థం. హిందీ 'తూ' లాగా మొహం మీద కొట్టినట్టు ఉండదు. 'రఉఆ' అంటే మీరు. మైథిలీలో మీరు అనడానికి 'అహాఁ'. మగహీలో 'అపనే'. ఎదుటివాడు 'రఉఆ' అన్నాడంటే పడమటి బీహార్ లేదా తూర్పు యూపీ అని, 'అహాఁ' అన్నాడంటే మిథిల అని వెంటనే పోల్చుకోవచ్చు.

మైథిలీ ఇక్కడితో ఆగదు. మనం వాణ్ణి చూసినా, ఆయన్ని చూసినా 'చూశాను' అనే అంటాం, క్రియ మారదు. మైథిలీలో మారుతుంది. వాణ్ణి చూశానంటే "హమ్ ఓకరా దేఖలిఐ". ఆయన్ని చూశానంటే "హమ్ హునకా దేఖలియని". చూసింది నేనే, కానీ చూడబడిన మనిషి స్థాయిని బట్టి క్రియ చివర మారింది. మగహీలో ఇంకో సొగసు ఉంది. 'నేను వెళ్తున్నాను' అని స్నేహితుడితో చెబితే "హమ్ జా హిఅఉ", మాస్టారితో చెబితే "హమ్ జా హిఅఇన్". వాక్యంలో ఆ స్నేహితుడి ఊసు గానీ మాస్టారి ఊసు గానీ లేదు, వాళ్ళు వింటున్నారంతే. మన 'వెళ్తున్నానండీ' లోని 'అండీ' చేసే పని ఇదే. హిందీలో దీనికి తగిన పద్ధతి లేక, వాక్యం చివర 'జీ' అనో 'సర్' అనో తగిలించాలి. ఇంత సూక్ష్మమైన మర్యాద ఉన్న భాషను మోటు మాట అని బళ్ళో పిల్లలచేత మాన్పించడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఏ జిల్లాలో ఏ భాష అన్నది మోటుగా చెబుతాను. బీహార్ పడమటి కొసన ఉన్న సారణ్ (ఛప్రా), సివాన్, గోపాల్‌గంజ్, రెండు చంపారన్‌లు, గంగకు దక్షిణాన భోజ్‌పూర్ (ఆరా), బక్సర్, రోహతాస్, కైమూర్ భోజ్‌పురీ జిల్లాలు. యూపీలో బలియా, గాజీపూర్, దేవరియా, గోరఖ్‌పూర్, బనారస్ కూడా. జార్ఖండ్‌లో పలామూ, నేపాల్‌లో బారా, పర్సా. భోజ్‌పూర్ అనే పేరు డుమ్రావ్ దగ్గరి పాత ఊరిది. మాళవ నుంచి వచ్చిన ఉజ్జయినీయ రాజపుత్రులు తమ పూర్వీకుడు భోజరాజు పేరు పెట్టుకున్నారని అక్కడ చెప్పుకుంటారు. పట్నా, నలందా, గయ, జహానాబాద్, నవాదా మగహీ ప్రాంతం, అంటే పాత మగధ. గంగకు ఉత్తరాన దర్భంగా, మధుబనీ, సహర్సా, సుపౌల్, సమస్తీపూర్ మైథిలీ. ముజఫర్‌పూర్, వైశాలీ వైపు బజ్జికా. భాగల్‌పూర్, ముంగేర్, బాంకా, ఖగారియా అంగికా. బజ్జికా, అంగికా వేరే భాషలా, మైథిలీలో భాగాలా అన్నది అక్కడ పెద్ద గొడవ. దర్భంగా వాళ్ళు మావే అంటారు, భాగల్‌పూర్ వాళ్ళు ఒప్పుకోరు. నా మటుకు నాకు ఆ ఊరివాళ్ళు తమ భాషను ఏ పేరుతో పిలిస్తే అదే సరైన పేరు.

జార్ఖండ్‌కి వెళ్తే బొకారో, ధన్‌బాద్, హజారీబాగ్ వైపు ఖోర్ఠా, రాంచీ, గుమ్లా వైపు నాగ్‌పురీ. నాగ్‌పురీని సాద్రీ అనీ అంటారు. ముండా, ఉరాంవ్ ఆదివాసీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడుకునే ఉమ్మడి భాష అది. తేయాకు తోటల కూలీలతో పాటు అస్సాం దాకా వెళ్ళింది.

ఇన్నింటినీ కలిపి 'బీహారీ' అన్నవాడు జార్జ్ గ్రియర్సన్ అనే బ్రిటిష్ అధికారి. 1883 నుంచి 1887 దాకా ఈ భాషల వ్యాకరణాలు ప్రచురించాడు, తర్వాత భారత భాషల సర్వేలో భోజ్‌పురీ, మగహీ, మైథిలీలను 'బీహారీ' అనే ఒకే గుంపులో పెట్టాడు. చేసిన పని గొప్పదే. కానీ నాకు తెలిసినంతలో అక్కడ ఏ మనిషీ 'నేను బీహారీ భాష మాట్లాడతాను' అనడు. మైథిలీ పండితులు ఈ గుంపు పేరును ఎప్పుడూ ఒప్పుకోలేదు.

జనాభా లెక్కల సంగతి ఇంకా విచిత్రం. 2011 లెక్కల్లో హిందీ మాట్లాడేవాళ్ళు సుమారు 52.8 కోట్ల మంది అని ఉంటుంది. ఆ పేజీని విప్పి చూస్తే, మా భాష హిందీ అని చెప్పుకున్నవాళ్ళు 32.2 కోట్లే. మిగతావాళ్ళు చెప్పిన పేర్లు వేరు. అందులో భోజ్‌పురీ 5 కోట్లకు పైగా, మగహీ 1.27 కోట్లు, ఖోర్ఠా 80 లక్షలు, సాద్రీ 43 లక్షలు. రాజస్థానీ, ఛత్తీస్‌గఢీ కూడా అందులోనే. ఐదు కోట్ల మంది తమ భాష పేరు స్పష్టంగా చెప్పినా ప్రభుత్వ పట్టికలో అది హిందీ కిందకే వెళ్ళిపోయింది. 1.36 కోట్ల మైథిలీ మాత్రం విడిగా కనిపిస్తుంది. మైథిలీకి 1965లో సాహిత్య అకాడమీ గుర్తింపు వచ్చింది, 2003లో 92వ రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూల్‌లో, అంటే రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో, చేరింది. 2024 నవంబర్ 26న రాజ్యాంగం మైథిలీ ప్రతి కూడా విడుదలైంది. మాట్లాడేవాళ్ళ సంఖ్యలో దానికి మూడు రెట్లకు పైగా ఉన్న భోజ్‌పురీ ఇంకా బయటే ఉంది. ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చమని కేంద్రం దగ్గర ఉన్న విన్నపాలు 38 భాషలవి. ఆ వరుసలో భోజ్‌పురీ, మగహీ, అంగికా, బజ్జికా అన్నీ ఉన్నాయి.

మైథిలీకి ఎందుకు దక్కింది, భోజ్‌పురీకి ఎందుకు దక్కలేదు? నాకు తోచిన కారణం రాతపూర్వక సాహిత్యం. మిథిలలో జ్యోతిరీశ్వర ఠాకుర్ 14వ శతాబ్దంలోనే వచనం రాశాడు. ఆ తర్వాత విద్యాపతి అనే కవి పాటలు బెంగాల్ దాకా పాకాయి. పండితులు, దర్భంగా మహారాజులు, తిర్హుతా అనే సొంత లిపి వాళ్ళకు అండగా నిలిచారు. భోజ్‌పురీకి ఇలాంటి అండ లేదు. అది పొలాల్లో, పెళ్ళి పందిళ్ళలో, రైలు పెట్టెల్లో పెరిగింది. ఆ భాష పెద్దమనుషులు కూడా పుస్తకం రాయాల్సి వస్తే హిందీలోనే రాశారు. రాజేంద్ర ప్రసాద్ గారిది సివాన్ జిల్లా జీరాదేయి, ఇంట్లో భోజ్‌పురీయే. 1963లో మొదటి భోజ్‌పురీ సినిమా రావడానికి ఆయన చెప్పిన మాటే ప్రేరణ అంటారు.

లిపి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బ్యాంకులో నాకు బాగా పని తగిలింది దాంతోనే. ఇప్పుడు వీటన్నింటినీ దేవనాగరిలో రాస్తున్నారు గానీ ఒకప్పుడు ఊళ్ళో లెక్కలు, దస్తావేజులు, ఉత్తరాలు కైథీ లిపిలో ఉండేవి. కాయస్థ గుమాస్తాల లిపి అది. 1880ల నుంచి కోర్టుల్లో కూడా నడిచింది. భూమి మీద లోన్ అడిగేవాళ్ళు తాతల నాటి కేవాలా, అంటే అమ్మకపు దస్తావేజు, గుడ్డలో చుట్టి తెచ్చేవాళ్ళు. విప్పి చూస్తే దేవనాగరి లాగే అనిపిస్తుంది గానీ అక్షరాల నెత్తిన గీత ఉండదు, మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు, చేతిరాత వాగులా సాగిపోతుంది. తెచ్చిన మనిషికి చదవడం రాదు, బ్రాంచిలో ఎవరికీ రాదు. కోర్టు కచేరీ దగ్గర కూర్చునే ఒకరిద్దరు ముసలి రాతగాళ్ళే దిక్కు, వాళ్ళు అడిగినంత ఇవ్వాలి. బీహార్‌లో కొత్తగా భూముల సర్వే మొదలయ్యాక ఈ కష్టం ఊరూరికీ వచ్చింది. సిబ్బందికి కైథీ నేర్పించాల్సి వచ్చింది. లిపి పోతే పోయేది సంస్కృతి ఒక్కటే అనుకుంటాం, అక్కడ మాత్రం మనుషుల పొలాలు చిక్కులో పడ్డాయి.

భోజ్‌పురీ అనగానే మన వాళ్ళకు యూట్యూబ్‌లో వచ్చే ద్వంద్వార్థపు పాటలు గుర్తొస్తాయి. అవి ఉన్నాయి, భోజ్‌పురీ ఇళ్ళల్లో వాటి మీద కోపం కూడా ఉంది. వాటిని బట్టి భాషను కొలవొద్దు. నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ళు పాడేవి రోపనీ పాటలు, తిరగలి తిప్పుతూ పాడేవి జఁతసార్, బిడ్డ పుడితే సోహర్, చైత్రంలో చైతా, వానాకాలంలో కజ్రీ. మన నాట్ల పాటలు, తిరగలి పాటలు విని పెరిగినవాళ్ళకు మాట అర్థం కాకపోయినా పని అర్థమవుతుంది. జఁతసార్ పాటల్లో ఎక్కువ భాగం ఊళ్ళో లేని మొగుడి గురించే.

అందుకు కారణం వలస. రైళ్ళు వచ్చాక సారణ్, షాహాబాద్ (ఇప్పటి ఆరా, బక్సర్ వైపు) జిల్లాల మగవాళ్ళు కలకత్తా జూట్ మిల్లులకు వెళ్ళిపోయారు. భిఖారీ ఠాకుర్ ఆ జీవితంలోంచే వచ్చాడు. 1887లో సారణ్ జిల్లా కుతుబ్‌పూర్‌లో మంగలి కుటుంబంలో పుట్టాడు, బతుకుతెరువు కోసం ఖడగ్‌పూర్ వెళ్ళాడు, తిరిగొచ్చి నాటకం కంపెనీ పెట్టాడు. 'బిదేసియా' నాటకంలో కలకత్తా వెళ్ళిపోయిన మొగుడి కోసం ఎదురుచూసే భార్య కథ చెప్పాడు. ముసలివాళ్ళకు ఆడపిల్లల్ని డబ్బుకు కట్టబెట్టే ఆచారం మీద 'బేటీ బేచ్‌వా' రాశాడు. పెద్ద చదువు లేని మనిషి. బండెడు పుస్తకాల కన్నా ఆ నాటకాలు చూస్తే భోజ్‌పురీ సమాజం ఎక్కువ అర్థమవుతుందని నా నమ్మకం. ఆయన 1971లో పోయారు, ఆ నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నారు.

కలకత్తా కన్నా దూరం వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అగ్రిమెంట్ అనే మాట నోట్లో నలిగి 'గిర్మిట్' అయింది, ఆ సంతకం మీద వెళ్ళినవాళ్ళు గిర్మిటియాలు. 1834 నుంచి మారిషస్, 1873లో సూరినామ్, 1879లో ఫిజీ. ఇక్కడ మనకూ నిజమైన చుట్టరికం ఉంది. గోదావరి ఒడ్డు కోరంగి రేవు నుంచి, తీరాంధ్ర జిల్లాల నుంచి మన వాళ్ళూ మారిషస్ చెరకు తోటలకు వెళ్ళారు. తోటలో భోజ్‌పురీ వాళ్ళే ఎక్కువ కాబట్టి పక్కన పని చేసే తెలుగువాళ్ళకూ భోజ్‌పురీ వచ్చేసింది. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడలు వెళ్ళాయి. అక్కడి తెలుగు కుటుంబాల మనవలు ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ, అంటే భోజ్‌పురీ, అవధీ కలిసి పుట్టిన భాష. మారిషస్‌లో పెళ్ళిళ్ళలో పాడే భోజ్‌పురీ గీత్ గవాయిని 2016లో యునెస్కో గుర్తించింది. కానీ అక్కడ ఇంట్లో భోజ్‌పురీ మాట్లాడేవాళ్ళు 2000లో సుమారు 12 శాతం ఉంటే 2011కి 5 శాతానికి పడిపోయారు. వాళ్ళ ఇళ్ళల్లోకి క్రియోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష, వచ్చేసింది.

ఇక మీ మిల్లు. మొదట వాళ్ళను ఏ జిల్లా అని అడగండి. భోజ్‌పురీ వాళ్ళయితే "రాఉర్ ఘర్ కహాఁ బా?" అనండి. మైథిలీ వాళ్ళయితే "అహాఁక్ ఘర్ కతయ్ అఛి?" రెండింటికీ అర్థం మీ ఊరెక్కడ అనే. పలకరింపుకి "కా హాల్ బా?" అంటే భోజ్‌పురీ వాళ్ళు "ఠీక్ బా" అంటారు. అంగికా, మైథిలీ వాళ్ళ దగ్గర 'బా' వాడితే, ఒడియా మనిషితో బెంగాలీ మాట్లాడినట్టే ఉంటుంది. నొచ్చుకోరు గానీ, మా భాష కాదండీ అంటారు. వాళ్ళ నోట 'ఛై' వినబడుతుంది.

అన్నిటికన్నా బాగా పనికొచ్చేది "ఖానా భఇల్?" మైథిలీలో "భోజన్ భేల్?" మన "భోజనం అయిందా?" మాటకు మాట అదే, వాడే సందర్భం కూడా అదే. మధ్యాహ్నం కాంటా దగ్గర ఈ ఒక్క మాట అని చూడండి.

మీది బియ్యం వ్యాపారం కాబట్టి ఇంకోటి. హిందీలో బస్తాలో ఉన్నదీ చావలే, కంచంలో ఉన్నదీ చావలే. మనకు ధాన్యం, బియ్యం, అన్నం వేరు. వాళ్ళకూ అంతే: ధాన్, చాఉర్, భాత్. నూకలు ఖుద్దీ, గంజి మాఁడ్, వరిగడ్డి పుఆర్, బస్తా బోరా. లెక్కపెట్టేటప్పుడు అంకె పక్కన 'గో' చేరుస్తారు. "చార్ గో బోరా", నాలుగు బస్తాలు. "కై గో?" అంటే ఎన్ని. మైథిలీ వైపు 'గో' బదులు 'టా', బెంగాలీ వాళ్ళలాగే. మీ గుమాస్తా చెవికి అర్థం కాకుండా పోతున్న మాటల్లో ఈ 'గో', 'టా' తప్పకుండా ఉంటాయి. అవి తెలిస్తే లెక్కల దగ్గర గందరగోళం తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. పేర్ల చివర 'వా' చేర్చడం మీకు వినబడుతుంది. ట్రకవా, మొబైలవా అంటే మనకు తెలిసిన ఆ ట్రక్, ఆ మొబైల్ అని, అందులో తప్పేం లేదు. మనిషి పేరుకు చేరిస్తే మాత్రం మన 'గాడు' లాంటిది. ఈడువాళ్ళు ఒకరినొకరు 'మోహనవా' అనుకుంటారు. మీరు ఓనర్ అయ్యుండి అలా పిలిస్తే చిన్నబుచ్చినట్టే. 'మోహన్ జీ' అనండి, లేదా పెద్దవాడైతే 'చాచా' అనండి. సినిమాల్లో విని సరదాకి 'వా' తగిలించి మాట్లాడేవాళ్ళను చాలామందిని చూశాను, ఎదుటివాళ్ళు నవ్వి ఊరుకుంటారు గానీ లోపల గుచ్చుకుంటుంది. 'ఏ బీహారీ' అని పిలవడం కూడా అంతే.

నేర్చుకోవడానికి సాధనాలు తక్కువే. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2022 నుంచి భోజ్‌పురీ, మైథిలీ ఉన్నాయి, చిన్న వాక్యాలకు సాయపడతాయి. భోజ్‌పురీ పద్ధతిగా చదవాలనుకుంటే ఇగ్నోలో (ఇందిరా గాంధీ ఓపెన్ యూనివర్సిటీలో) సర్టిఫికెట్ కోర్సు ఉంది. అంగికాకు ఇంతకన్నా మంచి గురువులు మీ మిల్లులోనే ఉన్నారు. అడిగితే ఎంతో సంతోషంగా చెబుతారు. మొదట హిందీలోనే చెబుతారు, 'మీ ఇంట్లో ఎలా అంటారు?' అని రెండోసారి అడగండి. తమ భాష బయటివాళ్ళకు పనికొస్తుందని వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

మీ హమాలీల జిల్లా పేరుతో పాటు బ్లాకు పేరు కూడా కనుక్కుని రాయండి, ఏ భాషో నాకు తెలిసినంత వరకు చెబుతాను. ముజఫర్‌పూర్, తూర్పు చంపారన్ హద్దుల్లో, బేగూసరాయ్, ఖగారియా మధ్య జిల్లా ఒక్కటే చెబితే సరిపోదు, నాలుగు ఊళ్ళు దాటితే మాట మారిపోతుంది.